ట్రాన్స్‌పొజిషన్ టేబుల్ ఆన్ చేస్తే గెలిచే గేమ్ డ్రా అవుతోంది, ఎందుకు?

అందరికీ నమస్కారం. సరదాగా ఒక చెస్ ఇంజిన్ రాస్తున్నాను: ఆల్ఫా-బీటా సెర్చ్ (ఫలితాన్ని మార్చలేని ఎత్తులను వదిలేస్తూ వెతకడం), జోబ్రిస్ట్ హ్యాషింగ్ (ప్రతి పొజిషన్‌కూ ఒక సంఖ్యను, అంటే కీని ఇచ్చే పద్ధతి). ట్రాన్స్‌పొజిషన్ టేబుల్ (ఒకసారి లెక్కించిన పొజిషన్ల ఫలితాలను దాచే పట్టిక) పెట్టాక వేగం బాగా పెరిగింది. ఫైన్ 70 అనే పేరున్న ఎండ్‌గేమ్ పరీక్షా పొజిషన్‌లో రాజును బీ1కి జరపాలని చిటికెలో చెప్పేస్తోంది. టేబుల్ తీసేస్తే ఎంతకీ తేలదు.

కానీ ఏనుగు ఎక్కువున్న ఎండ్‌గేమ్‌లో కూడా అదే పొజిషన్ మూడుసార్లు తెచ్చి డ్రా చేసుకుంటోంది. చూస్తుంటే ఒళ్లు మండుతోంది! టేబుల్ ఆపేస్తే ఈ గొడవ లేదు.

మళ్లీ అవే అడగకుండా, చూసినవి చెబుతాను. కీలో ఎవరి వంతు, క్యాస్లింగ్ హక్కులు, ఎన్‌పాసాంట్ (రెండు గళ్లు దూకిన బంటును దాటిన గడిలో పట్టడం) గడి ఉన్నాయి. స్కోరుతో పాటు అది ఎగ్జాక్టా (కచ్చితమైన విలువా), లోయర్ బౌండా (కనీస విలువా), అప్పర్ బౌండా (గరిష్ఠ విలువా) అన్నదీ దాస్తున్నాను. ఎంట్రీ డెప్త్ (ఎన్ని ఎత్తుల లోతు వెతికి దాచామో) చాలకపోతే స్కోరు వాడను, అందులోని ఎత్తును మాత్రం ముందు ఆడి చూస్తాను. మేట్ స్కోర్లు రూట్ (సెర్చ్ మొదలైన పొజిషన్) నుంచి కాకుండా ఆ నోడ్ (సెర్చ్‌లో ఎదురైన పొజిషన్) నుంచి లెక్కయ్యేలా ప్లైతో (రూట్ నుంచి ఎన్నో ఎత్తు అన్న లెక్కతో) సర్దుతున్నాను.

నా అనుమానం వేరే. హ్యాష్‌కి గతం తెలియదు కదా. ఒకే పొజిషన్‌కు రెండు దారుల్లో చేరొచ్చు. ఒక దారిలో తర్వాతి ఎత్తు రిపిటిషన్, ఇంకో దారిలో కాదు. దాచిన స్కోరు మాత్రం ఒక్కటే. ప్రతి నోడ్‌లో టేబుల్ కంటే ముందే రిపిటిషన్ చూస్తున్నాను, అయినా పైనే కటాఫ్ (టేబుల్ స్కోరు చూసి అక్కడే సెర్చ్ ఆపేయడం) తగిలితే కిందికి వెళ్లేదే లేదు.

పీవీ (ఇంజిన్ ఉత్తమమనుకునే ప్రధాన ఎత్తుల వరుస) నోడ్లలో కటాఫ్ పూర్తిగా ఆపేయాలా? రిపిటిషన్ వల్ల పైకి వచ్చిన సున్నాలను అసలు దాచకూడదా? 50 ఎత్తుల కౌంటర్‌ను (బంటు కదలక, పావు పోక గడిచిన ఎత్తుల లెక్కను) కీలో కలిపితే హిట్లు పడిపోతాయేమోనని భయం. మీ ఇంజిన్లలో దీన్ని ఎలా నెట్టుకొస్తున్నారో చెప్పగలరా?