సిజేరియన్ అయ్యాక గ్యాస్ పోయేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ఇవ్వకూడదా?

గజపతినగరం అమ్మాయి:
మా అక్కకి నిన్న పొద్దున్న విజయనగరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సిజేరియన్ అయింది. నడుముకి మత్తు ఇచ్చారు, తల్లీ పిల్లా బానే ఉన్నారు. సాయంత్రం దాకా చుక్క నీళ్ళు ఇవ్వలేదు. అడిగితే "గ్యాస్ పోయిందా? పోలేదు కదా, మరాగండి" అంటారు. పెదవులెండిపోతే తడి దూదితో అద్దుతూ కూచున్నాం. మా వదినకి శ్రీకాకుళంలో ఇంకో చోట ఇదే ఆపరేషనుకి మూడు నాలుగు గంటలకే కొబ్బరినీళ్ళు తాగించి రాత్రికి ఇడ్లీ పెట్టారు. ఒకే ఆపరేషనుకి ఊరికో రూలు ఏటండీ ఇది? తెలిసినవాళ్ళు చెప్పండి.

నరసన్నపేట కోడలు:
మా అత్తగారికి చదివి వినిపించాను, ఆవిడ అన్నదే రాస్తున్నా. "ఓలమ్మ, కడుపు కోసి కుట్టిన మనిషి ఒక్క పూట ఆగలేదా, నీళ్ళు పోస్తే పొట్ట ఉబ్బి కుట్లు లాగేస్తాయి." ఆవిడకి రెండు కాన్పులూ ఆపరేషన్లే, మూడో రోజుకి గానీ గంజి పెట్టలేదట, ఏమీ కాలేదట. నాకూ అది పూర్తిగా తప్పనిపించట్లేదు. వాంతొచ్చి కుట్ల మీద ఒత్తిడి పడితే ఆ నొప్పి ఎలా ఉంటుందో పడ్డవాళ్ళకే తెలుసు.

మత్తు డాక్టరు:
రెండు వేర్వేరు విషయాలు ఇక్కడ కలిసిపోయాయి. ఆపరేషనుకి ముందు కడుపు ఖాళీగా ఉండమనడానికి గట్టి కారణం ఉంది. 1946లో న్యూయార్కు ప్రసూతి డాక్టరు మెండెల్సన్, కాన్పు సమయంలో పూర్తి మత్తులో ఉన్న ఆడవాళ్ళకి కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోయిన కేసులు బయటపెట్టాడు. అందుకే ఈరోజుకీ ముందే ప్లాన్ చేసిన ఆపరేషనుకి 6 గంటల ముందు నుంచి అన్నం, 2 గంటల ముందు నుంచి నీళ్ళు ఆపుతాం. ఆపరేషను అయిపోయి, మనిషి తెలివిగా ఉండి, మింగగలిగితే ఆ భయం అక్కడితో సరి. నడుముకి ఇచ్చిన మత్తు కాళ్ళని మొద్దుబారుస్తుంది గానీ గొంతుని కాదు.

ఇక గ్యాస్ సంగతి. సిజేరియన్‌లో కోసేది గర్భసంచిని, పేగుని కాదు. చిన్న పేగు కొన్ని గంటల్లోనే కదలడం మొదలెడుతుంది, పెద్ద పేగుకి రెండు మూడు రోజులు పట్టొచ్చు. గ్యాస్ వచ్చేది ఆ పెద్ద పేగు నుంచే, అంటే అన్నిటికంటే నిదానంగా లేచేదాని కోసం మనం కాపు కాస్తున్నామన్నమాట. ఏ చిక్కూ లేని సిజేరియన్ తర్వాత తిండీ నీళ్ళూ ఆపి ఉంచడానికి ఆధారం కనపడలేదని 2002లోనే కొక్రేన్ సమీక్ష (జరిగిన పరీక్షలన్నీ ఒకచోట పెట్టి చూసేది) తేల్చింది. ఆపరేషను అయ్యాక తొందరగా కోలుకునే పద్ధతుల మీద పనిచేసే ఇరాస్ సొసైటీ 2019లో ఇచ్చిన సూచనలైతే 2 గంటల్లోపే మామూలు ఆహారం మొదలుపెట్టమన్నాయి.

ఆమదాలవలస స్టాఫ్ నర్సు:
డాక్టరు గారూ, మీరు చెప్పింది పుస్తకంలో కరెక్టే, వార్డులో రాత్రి డ్యూటీ ఎవరు చేస్తారు చెప్పండి? వార్డు మొత్తానికి ఇద్దరం ఉంటాం, ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి పొట్ట ఉబ్బిందా, వాంతి వస్తోందా అని గంటగంటకీ చూసి ఈవిడకి ఇవ్వొచ్చు ఆవిడకి వద్దు అని తేల్చే తీరిక మాకుండదు. "నీళ్ళు ఇవ్వొచ్చు" అన్నామంటే చుట్టాలు క్యారేజీ విప్పి పులిహోర కూడా పెట్టేస్తారు, నేను చూశాను. అందుకే అందరికీ ఒకే మాట చెప్తాం. అది వైద్యం కాదని మాకూ తెలుసు, గొడవ రాకుండా పెట్టుకున్న కట్టుబాటు.

టెక్కలి తండ్రి:
సెలైన్ ఎక్కుతూనే ఉంది కదా, ఒక రోజు తిండి లేకపోతే కొంప మునుగుతుందా? మా ఆవిడ ఆగింది, బానే ఉంది.

మత్తు డాక్టరు:
ఐదు శాతం గ్లూకోజు బాటిలు అరలీటరుది ఉంటే అందులో చక్కెర 25 గ్రాములు, వంద కేలరీలు కూడా రావు. మామూలు ఉప్పు సెలైనైతే అదీ లేదు. సెలైనుతో ఒంట్లో నీళ్ళు తగ్గకుండా చూస్తాం గానీ ఆకలి తీరదు. రాత్రి నుంచి ఏమీ తినకుండా ఆపరేషనుకి వచ్చి, రక్తం పోయి, ఆ పైన పాలివ్వాల్సిన మనిషి ఆవిడ. మీ ఆవిడ తట్టుకుంది, సంతోషం. అవసరం లేని బాధని తట్టుకుంది అంటాను నేను.

నర్సు గారి ఇబ్బంది నిజమే, నేను కాదనను. అందరికీ పెట్టేయమని కూడా అనట్లేదు. రక్తం బాగా పోయినా, పేగుకి దెబ్బ తగిలినా, ఫిట్స్ వచ్చినా, పూర్తి మత్తు నుంచి ఇంకా తేరుకోకపోయినా ఆగాల్సిందే. తాగాక వాంతులాగకపోయినా, పొట్ట బిగుసుకుపోతున్నా వెంటనే ఆపి డాక్టరుకి చెప్పాలి. మార్ఫిన్ లాంటి నొప్పి మందులు పేగుని ఇంకా మందగింపజేస్తాయి, కాబట్టి లేవగలిగిన వెంటనే నాలుగడుగులు నడిపించండి. చూయింగ్ గమ్ నమిలినా గ్యాస్ తొందరగా పోతుందని పరీక్షల్లో తేలింది. పెద్దవాళ్ళు నవ్వుతారని తెలిసే చెప్తున్నా.

సోంపేట ఆడపడుచు:
ఆసుపత్రిలో ఒక పూట గురించి ఇంత చర్చ జరుగుతోంది, ఇంటికెళ్ళాక నెల రోజుల సంగతి ఎవరూ అడగరేం? నాకు మే నెలలో కాన్పయితే రోజుకి రెండు గ్లాసుల కాచిన నీళ్ళు, అంతకు మించి అడిగితే "పొట్ట జారిపోద్ది, నిమ్ము చేస్తాది". పప్పు తింటే కుట్లు చీము పడతాయట. మలబద్ధకంతో కుట్ల నొప్పి రెట్టింపైంది, మూత్రంలో మంట. బాలింతకి దాహం ఎక్కువేస్తుంది, పాలిచ్చే ఒంటికి నీళ్ళు కావాలి గనకే వేస్తుంది. చీము పట్టేది సూక్ష్మజీవుల వల్ల, కందిపప్పు వల్ల కాదు. మాంసకృత్తులు లేకపోతే పుండు మానడమే ఆలస్యం.

నరసన్నపేట కోడలు:
నీళ్ళ విషయంలో ఒప్పుకుంటాను. కానీ పత్యం మొత్తాన్నీ తీసి పారేయకండి, సొర చేప పుట్టు, చోడి (రాగి) అంబలి, వెల్లుల్లి కారం ఇవన్నీ బలమే కదా. అత్తగారిని నీళ్ళకి ఒప్పించాను, పప్పు దగ్గర మాత్రం కదలట్లేదు. మొదటి రోజు ఇడ్లీ అంటే నాకూ ఇంకా భయమే, ముందు నీళ్ళు పట్టి చూసి తర్వాతే.

ఆమదాలవలస స్టాఫ్ నర్సు:
అలా చేసినా తప్పు లేదమ్మా. గజపతినగరం అమ్మాయీ, ఇప్పుడు మమ్మల్ని తిట్టుకుని లాభం లేదు, కేసు షీటులో "నోటి ద్వారా ఏమీ వద్దు" అని ఉంటే డాక్టరు మార్చేదాకా మేం గుక్కెడు కూడా ఇవ్వలేం. రౌండ్సుకి వచ్చినప్పుడు "మేడమ్, మా అక్కకి ఏమైనా చిక్కు ఉందా, లేకపోతే ఎన్ని గంటలకి నీళ్ళు, ఎన్నింటికి టిఫిను పెట్టాలో షీటులో టైము వేసి రాయండి" అని అడగండి. రౌండ్సు అయిపోతే డ్యూటీ డాక్టరుకి ఫోన్ చేయమని నర్సుని అడగొచ్చు. టైము రాసుంటే నేనే పిలిచి ఇస్తాను. పులిహోర మాత్రం బయటే ఉంచండి.