టైమర్ పెట్టినా రీల్స్ ఆగట్లేదు, ఇది నిగ్రహం లేకపోవడమేనా?

ప్రశ్న (గాజువాక, విశాఖపట్నం):
తమ్ముడు బ్యాంకు పరీక్షలకి చదువుతున్నాడు. పగలంతా ద్వారకానగర్ లైబ్రరీ, రాత్రి ఇల్లు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఇన్‌స్టాగ్రామ్‌కి 30 నిమిషాల టైమర్ పెట్టాం. అయినా రాత్రి ఒంటిగంట దాకా రీల్సే. మనసు గట్టిది కాదని ఇంట్లో తిట్లు. నిజంగా అంతేనా?

జవాబు 1:
ముందు ఆ తిట్లు ఆపించండి. నిగ్రహం వాడేకొద్దీ అయిపోయే సరుకని 1998లో మనస్తత్వ శాస్త్రవేత్త బామైస్టర్ బృందం చెప్పింది. 2016లో 23 ల్యాబులు కలిసి పరీక్షిస్తే ఆ ప్రభావం దాదాపు కనబడలేదు. నిగ్రహం ఉందనిపించేవాళ్లు రోజంతా కోరికతో కుస్తీ పట్టరు, అది ఎదురుపడే సందర్భాలే తగ్గించుకుంటారు. ఎన్నోసారి నొక్కితే గింజ పడుతుందో తెలియనప్పుడు జంతువులు మీట నొక్కుతూనే ఉంటాయని మరో మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్ చూపించాడు. రీల్స్‌దీ అదే వరస: తర్వాతిది ఎలా ఉంటుందో తెలీదు, పైగా చివరంటూ లేదు. తెరిచాక ఆపుకోమనడం కంటే తెరవకముందే అడ్డం పెట్టడం ఎంతో తేలిక.

జవాబు 2:
టైమర్ అర్ధరాత్రి 12కి మళ్లీ మొదటికి వస్తుందండీ. 11:30కి అయిపోయినా, 12 దాటగానే కొత్త 30 నిమిషాలు చేతికొస్తాయి. మీ తమ్ముడి ఒంటిగంట లెక్కలో కొంత బహుశా అదే. పైగా సెట్టింగ్స్‌లోకి వెళ్లి తనే తీసేసుకోవచ్చు.
యాప్ తీసేయండి. క్రోమ్‌లో కూడా లాగౌట్ చేసి, దాచిన పాస్‌వర్డ్ చెరిపేయండి. చాలామంది ఇక్కడే వదిలేస్తారు, రెండోరోజుకి బ్రౌజర్‌లో రీల్స్ మొదలు. కొత్త పాస్‌వర్డ్ 20 అక్షరాలది పెట్టి, కాగితం మీద రాసి గాజువాక ఇంట్లోనే ఉంచండి. లైబ్రరీలో చూడాలనిపించినా కుదరదు. రాత్రి ఛార్జర్ హాల్లో, లేపడానికి మామూలు అలారం గడియారం. ఫోన్ అలారం కోసమని మంచం దగ్గర పెట్టుకుంటే ఇదంతా వృథా.
యూట్యూబ్‌లో వాచ్ హిస్టరీ చెరిపి, ఆఫ్ చేస్తే హోమ్ పేజీ ఖాళీ అవుతుంది. షార్ట్స్ మాత్రం ఉండొచ్చు, జాగ్రత్త.

ప్రశ్న అడిగినవారు:
కోచింగ్ వాట్సాప్ గ్రూపు మాటేంటండీ? అది తీసేయలేం కదా.

జవాబు 1:
మ్యూట్ చేసి, మధ్యాహ్నం 1కి, రాత్రి 8కి చూడమనండి. లైబ్రరీకి వెళ్లొచ్చే బస్సు సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. "ఫోన్ తక్కువ చూస్తా" అనుకుంటే నిలవదు. "బస్సులో సీటు దొరకగానే ఫోన్ సంచిలో, ప్రింటు తీసిన కరెంట్ అఫైర్స్ చేతిలో" అని ఎప్పుడు, ఏం చేస్తాడో తనే రాసుకోవాలి. అలా రాసుకున్నవాళ్లు అనుకున్నది ఎక్కువగా చేస్తారని మనస్తత్వ శాస్త్రవేత్త గోల్‌విట్జర్ 1999లో వివరించాడు. నిద్ర, తిండి కూడా పోతుంటే, లేదా ఫోన్ లేకపోతే గొడవపడుతుంటే ఆలస్యం చెయ్యకండి: ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.