సిలిండర్‌కీ బీ-స్ప్లైన్ సర్ఫేస్‌కీ మధ్య ఫిల్లెట్: 6 మి.మీ. బంతి పట్టని చోట ఏం చేయాలి?

20 మి.మీ. వ్యాసార్థమున్న సిలిండర్‌కీ, ఒక బైక్యూబిక్ బీ-స్ప్లైన్ సర్ఫేస్‌కీ (నియంత్రణ బిందువులతో మలిచే వంపు ఉపరితలం) మధ్య రోలింగ్ బాల్ బ్లెండ్ కోసం, అంటే 6 మి.మీ. వ్యాసార్థమున్న బంతి రెండింటినీ తాకుతూ దొర్లినట్టు అంచును గుండ్రం చేసే ఫిల్లెట్ కోసం, సీ ప్లస్ ప్లస్‌లో కోడ్ రాస్తున్నాను. రెండింటినీ నార్మల్ (ఉపరితలానికి లంబ) దిశలో 6 మి.మీ. ఆఫ్‌సెట్ చేస్తే, అంటే జరిపితే, అవి ఖండించుకునే వక్రమే బంతి కేంద్రం నడిచే దారి, అంటే స్పైన్. తెలియనివి నాలుగు (ఒక్కో సర్ఫేస్‌కు రెండు పారామీటర్లు), సమీకరణాలు మూడే (x, y, z). నాలుగోదిగా అంచుకు లంబంగా ఒక తలం పెట్టి, న్యూటన్ పద్ధతితో అడుగడుగునా సాధిస్తున్నాను.

చిక్కంతా బీ-స్ప్లైన్ లోపలికి వంగిన ఒక్క చోట. అక్కడ కనిష్ఠ వక్రతా వ్యాసార్థం 5.2 మి.మీ. కాబట్టి ఆఫ్‌సెట్ తన మీద తానే మడతపడుతుంది. బంతి వ్యాసార్థం, ప్రధాన వక్రత (ఆ బిందువు వద్ద గరిష్ఠ లేదా కనిష్ఠ వంపు) గుణిస్తే 1 అయ్యే బిందువుల్లో ఆఫ్‌సెట్ నార్మలే లేదు, జాకోబియన్ (న్యూటన్ పద్ధతి వాడే అవకలజాల మాత్రిక) సింగ్యులర్, అంటే దానికి విలోమం లేదు. అడుగు ఎంత తగ్గించినా లాభం లేదు. ఇది జ్యామితి సమస్య.

రెండు దారులు కనిపిస్తున్నాయి. మడత లూప్‌ను కత్తిరిస్తే, బంతి ఒకే సర్ఫేస్‌ను రెండు బిందువుల్లో తాకే స్థానం వస్తుంది. అక్కడ ఫిల్లెట్ అంచులో ఖాళీ మిగులుతుంది. దాన్ని దేనితో పూడుస్తారు?

లేదా ఆ భాగంలో బంతి వ్యాసార్థాన్ని 4.5 మి.మీ.కు దించాలి. అప్పుడు వ్యాసార్థం మారే చోట స్పైన్‌కు లంబతలంలో గీసిన చాపం సర్ఫేస్‌లకు స్పర్శగా ఉండదు, బంతుల ఎన్వలప్‌ను (బంతులన్నిటినీ తాకే ఉపరితలం) ఒక్కో బంతి తాకే వృత్తం ఆ తలం నుంచి పక్కకు జరుగుతుంది. ఆ వృత్తాలనే వాడితే, వాటి మీదుగా స్కిన్ చేసిన సర్ఫేస్‌లో స్పర్శ తేడాను 0.1 డిగ్రీ లోపల ఉంచడానికి సెక్షన్లను (ఆ వృత్తాలను) ఎక్కడ దట్టం చేయాలి: వ్యాసార్థం వేగంగా మారే చోటా, స్పైన్ వంపు దగ్గరా?