88 నిమిషాల యానిమేషన్ చిత్రం వేదిక మీద రెండున్నర గంటలు ఎలా అవుతుంది?

ప్రశ్న (వింగ్‌పక్కన):

అందరికీ నమస్కారం. హైదరాబాదులోని ఒక పాఠశాలలో ఏటా వార్షికోత్సవానికి పిల్లల చేత నాటకం వేయించే బాధ్యత నాది. ఈసారి పౌరాణికం వద్దని, పిల్లలందరికీ నోటికి వచ్చిన యానిమేషన్ చిత్రాన్నే పాటలతో సహా వేయించమని తల్లిదండ్రులు కోరుతున్నారు. ఆ పని మొదలుపెట్టే ముందు, ఇలాంటి చిత్రాలను వృత్తి నాటకరంగం వారు ఎలా మలుచుకున్నారో తెలుసుకోవాలనుకుంటున్నాను.

ఆ మధ్య లండన్ వెళ్లినప్పుడు, లైసియం థియేటర్‌లో 1999 నుంచి ఆడుతున్న ‘ద లయన్ కింగ్’ చూశాను. సినిమా నిడివి 88 నిమిషాలు. నాటకం విరామంతో కలిపి దాదాపు రెండున్నర గంటలు. కథలో చెప్పుకోదగ్గ మార్పేమీ లేదు, అయినా ఎక్కువ భాగం సాగదీసినట్టు అనిపించలేదు. సింహాలు సింహాల్లా లేవు, మనుషుల ముఖాలు స్పష్టంగా కనిపిస్తూనే ఉన్నాయి, అయినా నా పక్క సీటులోని చిన్నపిల్ల తండ్రి సింహం ముఫాసా చనిపోయినప్పుడు వెక్కి వెక్కి ఏడ్చింది. అదే డిస్నీ సంస్థ తీసిన జలకన్య కథ ‘లిటిల్ మెర్మెయిడ్’ పాటలు అంతకు తక్కువైనవేమీ కావు. కానీ 2008లో న్యూయార్క్‌లోని బ్రాడ్‌వే నాటకశాలలకు వచ్చిన ఆ నాటకానికి ఇంత ఆదరణ దక్కలేదు. ఈ తేడా ఎక్కడి నుంచి వస్తుంది? అదనంగా దొరికిన గంటలో ఏమి చేరుస్తారు? సినిమాలో ఉన్నవాటిలో వేటిని వదిలేస్తారు? తెలిసినవారు వివరంగా రాయగలరని మనవి.

జవాబు (పల్లవి_చరణం):

మీ ప్రశ్నలోని ‘అదనపు గంట’ గురించి ముందు చెబుతాను, ఎందుకంటే అసలు పని అంతా అక్కడే జరుగుతుందని నా అభిప్రాయం. డిస్నీ సంస్థ బ్రాడ్‌వేలో వేసిన మొట్టమొదటి నాటకం ‘బ్యూటీ అండ్ ద బీస్ట్’. సినిమా 1991లో వచ్చింది, నాటకం 1994 ఏప్రిల్‌లో ప్యాలెస్ థియేటర్‌లో మొదలై, తరువాత మరో థియేటరుకు మారి, 2007 దాకా 5,461 ప్రదర్శనలు ఆడింది. దీన్ని ఒకసారి దగ్గరగా చూస్తే మీ సందేహాల్లో సగం తీరిపోతాయి.

శాపం వల్ల మృగంగా మారిన రాకుమారుడు బీస్ట్, అతడి కోటకు వచ్చిన బెల్ అనే అమ్మాయి, ఇదీ కథ. సినిమాలో బీస్ట్ పాత్రకు సొంతంగా ఒక పూర్తి పాట లేదు. అవసరమూ లేదు, ఎందుకంటే చిత్రకారుడు ఆ కళ్లను తెరనిండా గీసి చూపిస్తే బాధ అంతా అందులోనే తెలిసిపోతుంది. బాల్కనీలో చివరి వరుసలో కూర్చున్న ప్రేక్షకుడికి ఆ కళ్లు కనబడవు కాబట్టి, కళ్లు చేసిన పనిని గొంతుకు అప్పగించవలసి వచ్చింది. బెల్ భయపడి కోట విడిచి పారిపోయిన వెంటనే బీస్ట్ ఒంటరిగా నిలబడి ‘ఇఫ్ ఐ కాంట్ లవ్ హర్’ అనే కొత్త పాట పాడతాడు, దానితో మొదటి అంకం ముగుస్తుంది. తోడేళ్ల దాడి, అతడు ఆమెను కాపాడడం విరామం తరువాతకు వెళ్లాయి. సినిమాలో ఒకదాని వెంట ఒకటి జరిగిపోయే కోపానికీ కరుణకూ మధ్య సరిగ్గా విరామం వచ్చి పడింది. ఇది గడియారం చూసి కోసిన కోత కాదు, పాత్ర మారవలసిన చోటు చూసి కోసినది. సినిమా విడుదలకు కొన్ని నెలల ముందే గీత రచయిత హోవర్డ్ ఆష్మన్ మరణించినందువల్ల, ఆలన్ మెంకెన్ స్వరాలకు ఈ కొత్త పాటల సాహిత్యాన్ని టిమ్ రైస్ రాశారు.

మన పద్యనాటకం చూసి పెరిగినవారికి ఇందులో వింత ఏమీ ఉండదు. రాయబారంలో కృష్ణుడు పద్యం ఎత్తుకుని రాగం తీస్తున్నంతసేపూ కథ ఒక్క అడుగు కూడా ముందుకు కదలదు, అయినా మనవాళ్లు ‘వన్స్‌మోర్’ అని అరిచి మళ్లీ పాడించుకుంటారు.

రెండో సంగతి, అదే శాపం తగిలిన కోట పనివారి గురించి. సినిమాలో వారు మొదటి నుంచీ గడియారం, కొవ్వొత్తి స్తంభం, టీ కెటిల్. వేదిక మీద ఆరడుగుల మనిషిని టీ కెటిల్ అని ఎలా నమ్మిస్తారు? సినిమాకు, నాటకానికి కూడా రచన చేసిన లిండా వూల్వర్టన్ దీనికి చక్కని ఉపాయం కనిపెట్టారు. నాటకంలో శాపం ఒక్కసారిగా పనిచేయదు; పనివారు రోజురోజుకూ కొంచెం కొంచెంగా వస్తువులుగా మారుతూ ఉంటారు. అందుకని సగం మనిషి, సగం వస్తువు అనిపించే దుస్తులు కథకు అతికిపోయాయి. గడియారంగా మారుతున్న కాగ్స్‌వర్త్ తన వీపు తడుముకుని, అక్కడ కొత్తగా గడియారానికి కీ ఇచ్చే తాళంచెవి మొలిచిందని తెలుసుకుని హడలిపోయే సన్నివేశం సినిమాలో లేదు. హాలంతా నవ్వుతుంది, కానీ ఆ క్షణం నుంచి పనివారికి కూడా గడువు ముంచుకొస్తోందని అందరికీ అర్థమవుతుంది. సినిమా కోసం రాసి పక్కన పెట్టేసిన ‘హ్యూమన్ అగైన్’ అనే పాటకు కూడా ఇక్కడే చోటు దొరికింది. అది నాటకంలో ఎంత బాగా నప్పిందంటే, 2002లో సినిమాను మళ్లీ విడుదల చేసినప్పుడు ఆ పాటకు బొమ్మలు గీయించి చేర్చారు.

జవాబు (తెరదారం):

పై జవాబుతో చాలావరకు ఏకీభవిస్తాను గాని, పాటలు కుదిరితే చాలునన్న అర్థం వస్తుందేమోనని ఇది రాస్తున్నాను. ‘ద లయన్ కింగ్’లో అదనపు సమయం అంతా పాటల వల్ల బాగుపడలేదు. ‘ద మార్నింగ్ రిపోర్ట్’ అనే పాటను నాటకం కోసం ప్రత్యేకంగా రాయించారు, 2010లో దాన్ని బ్రాడ్‌వే ప్రదర్శన నుంచి తీసేశారు. ఆ పాట లేకపోవడం వల్ల లోటేమీ కనిపించలేదు. అదే సమయంలో నాలా అనే ఆడసింహం తన నేలను విడిచి వెళ్లేటప్పుడు పాడే ‘షాడోలాండ్’ లేకపోతే రెండో అంకానికి ప్రాణమే ఉండదు. సినిమా విజయం తరువాత దక్షిణాఫ్రికా సంగీతకారుడు లెబో ఎం పనిచేసిన ఒక ఆల్బమ్‌లోని సంగీతం నుంచి రూపొందిన పాట అది. సినిమాలో స్త్రీ పాత్రలకు బలం చాలలేదని భావించిన దర్శకురాలు జూలీ టేమర్, మంత్రగాడైన కోతి రఫీకీని కూడా స్త్రీ పాత్రగా మార్చారు.

ఇక మీ పక్క సీటులోని పిల్ల ఏడవడం గురించి. ముఫాసా, అతడిని చంపే తమ్ముడు స్కార్ పాత్రధారుల ముసుగులు ముఖానికి కాకుండా తల పైన ఉంటాయి. మామూలుగా నిలబడి మాట్లాడుతున్నప్పుడు మనం నటుడి ముఖమే చూస్తాము. కోపం వచ్చి ముందుకు వంగినప్పుడు మాత్రం లోపలి యంత్రం సాయంతో ఆ ముసుగు జారి ముఖం ముందుకు వస్తుంది, మనిషి పోయి సింహం మిగులుతుంది. ముఫాసా చనిపోయాక ఆడసింహాలు ఏడ్చే చోట, ముసుగుల కళ్లలోంచి తెల్లని పట్టు రిబ్బన్లను నటీమణులు తమ చేతులతోనే బయటకు లాగుతారు. కరవు వచ్చినప్పుడు నేల మీద పరిచిన గుండ్రని పట్టుగుడ్డ మధ్యలోని కంతలోంచి మెల్లగా కిందికి జారిపోతుంది, చెరువు ఎండిపోతుంది. గుడ్డ అని తెలియనివారు హాలులో ఎవరూ ఉండరు.

అడవి దున్నల తొక్కిసలాటను చూడండి. సినిమాలో దాని కోసం ప్రత్యేకంగా కంప్యూటర్ ప్రోగ్రామ్ రాసి వందలాది జంతువులను పరుగెత్తించారు. వేదిక మీద వెనకాల తిరిగే రోలర్ల మీద చిన్న చిన్న దున్నలు వరుసలుగా ఉంటాయి, వాటికి ముందు వరుసలో ఇంకొంచెం పెద్దవి, అన్నిటికన్నా ముందు నిలువెత్తు ముసుగులు పట్టుకున్న నర్తకులు. మంద దూరం నుంచి మీద పడుతున్నట్టు కనిపించడానికి ఈ కొలతల తేడా ఒక్కటే కారణం. టేమర్ 1970లలో కొన్నేళ్లపాటు ఇండోనేషియాలో ఉండి అక్కడి బొమ్మలాటను, ముసుగు నాటకాన్ని దగ్గరగా చూసినవారు. స్కార్ పరిచయానికి ముందు తెర మీద పరుగెత్తే ఎలుక నీడబొమ్మను చూస్తే, నిమ్మలకుంట తోలుబొమ్మలాట చూసిన ఎవరికైనా దగ్గరి చుట్టాన్ని చూసినట్టే ఉంటుంది. ఈ నాటకానికి 1998లో ఆమె అందుకున్న టోనీ, సంగీత నాటక దర్శకత్వానికి ఒక మహిళకు దక్కిన మొదటి టోనీ పురస్కారం.

కనుక నా మాట ఇది: గీసిన బొమ్మతో పోటీ పడి అచ్చం అలాగే చూపించాలనుకున్న నాటకం ఓడిపోతుంది. బొమ్మను ఎవరు ఆడిస్తున్నారో కనబడనిచ్చి, ఆ శ్రమలో ప్రేక్షకుడి ఊహకు కూడా కొంత వాటా ఇచ్చిన నాటకం నిలబడుతుంది.

జవాబు (మూడోగంట):

తెరదారం గారి చివరి మాటను నేను ఒప్పుకోలేకపోతున్నాను. చేతులు కనిపించడమే సూత్రమైతే మన సురభి నాటకాలు ఎప్పుడో మూతపడి ఉండాలి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన ఆ కుటుంబాల ఖ్యాతి అంతా తీగలను దాచడంలోనే ఉంది. ‘మాయాబజార్’లో ఘటోత్కచుడు గాలిలో నుంచి దిగినప్పుడు తీగ కనబడితే చప్పట్లకు బదులు ఈలలు పడతాయి.

బ్రాడ్‌వేలో కూడా అంతే. 2014లో వచ్చిన ‘అలాడిన్’లో తివాచీ ఎగిరే పాటకు జనం నోరు తెరుచుకుని చూసేది దానికి ఆధారం కనబడకపోవడం వల్లనే. 2018లో వచ్చిన ‘ఫ్రోజెన్’లో మొదటి అంకం చివర ‘లెట్ ఇట్ గో’ పాట మధ్యలో మంచును పుట్టించే రాణి ఎల్సా దుస్తులు రెప్పపాటులో మారిపోతాయి. ఎలా మారాయో తెలియనందుకే హాలు దద్దరిల్లుతుంది. అదే నాటకంలో మంచుమనిషి ఓలాఫ్ బొమ్మను ఆడించే నటుడు మాత్రం వెనకాలే నిలబడి నిక్షేపంగా కనిపిస్తాడు. అంటే ఒకే నాటకంలో రెండు పద్ధతులూ బతుకుతున్నాయి. పాత్రను ఆడించేటప్పుడు మనిషి కనబడవచ్చు, అద్భుతం జరిగేటప్పుడు కనబడకూడదు అని నేను విడదీస్తాను.

తెరదారం గారి స్పందన:

అద్భుతానికి మీరు పెట్టిన మినహాయింపు నాకు సమ్మతమే. అయితే తివాచీ ఎగిరేది ఒక్క పాటసేపే అన్నది గమనించండి. మిగిలిన రెండు గంటలూ ఆ ఒక్క కనికట్టు మీద నడపలేరు కదా! సురభివారు కూడా తీగల మధ్య ఖాళీని పద్యంతోనే నింపుతారు.

వింగ్‌పక్కన (ప్రశ్న వేసినవారు):

అందరికీ కృతజ్ఞతలు. ఏమి వదిలేస్తారన్న ప్రశ్న మిగిలిపోయింది. మా దగ్గర యంత్రాలు లేవు, తీగలు వాడే అనుమతి అసలే లేదు, ఉన్నదల్లా నలభై మంది పిల్లలు, ఒక సభామందిరం. పెంపుడు జంతువులు, మాట్లాడే పక్షులు లేకపోతే పిల్లలు చిన్నబుచ్చుకుంటారేమోనని కూడా బెంగగా ఉంది.

జవాబు (మూడోగంట):

చిన్నబుచ్చుకోరు. వృత్తి నాటకాలు మొదట వదిలించుకునేవి ఆ హాస్యపు జంతువులనే. ‘అలాడిన్’ నాటకంలో కోతి అబూ లేదు. దాని స్థానంలో అలాడిన్‌కు ముగ్గురు మానవ స్నేహితులు వచ్చారు, చిలుక ఇయాగో కూడా మనిషే అయ్యాడు. అబూ సైగలతో నవ్వించగలడు గాని పాటలో గొంతు కలపలేడు, నాటకానికి కావలసింది గొంతు కలిపేవారు. సినిమా నుంచి తల్లి పాత్రతో పాటు కొట్టివేసిన ‘ప్రౌడ్ ఆఫ్ యువర్ బాయ్’ పాట వేదిక మీదికి తిరిగి వచ్చింది, ఇక్కడ అతడు దాన్ని చనిపోయిన తల్లిని తలచుకుంటూ పాడతాడు. 1997 నాటి ‘అనస్తేసియా’ సినిమాలో ప్రతినాయకుడు మంత్రగాడైన రాస్‌పుటిన్, అతడి పక్కన ఒక మాట్లాడే గబ్బిలం. 2017 నాటకంలో ఇద్దరూ లేరు. కొత్త ప్రభుత్వానికి విధేయుడైన గ్లెబ్ అనే యువ అధికారిని పెట్టారు. మంత్రాలతో చంపాలనుకునే శత్రువు కన్నా, చంపమన్న ఆజ్ఞ చేతిలో ఉండి చంపలేక నలిగిపోయేవాడికి పాటలు రాయడం తేలిక.

మీరు అడిగిన ‘లిటిల్ మెర్మెయిడ్’ విషయం కూడా ఇక్కడే చెప్పాలి. నీటిలో ఈదుతున్నట్టు కనిపించడానికి నటులకు మడమల కింద చక్రాలున్న బూట్లు తొడిగారు. అది 2009 ఆగస్టులో, 685 ప్రదర్శనలతో ముగిసింది. చక్రాల మీద జారేవాడి శరీరం బిగుసుకుపోతుంది, నీటిలో ఉన్నవాడి శరీరం వదులుగా ఉంటుంది. ఎంత మంచి పాటైనా ఆ వైరుధ్యాన్ని కప్పలేదు. తరువాత వేరే దర్శకుడి చేతిలో ఆ నాటకాన్ని సవరించి, చక్రాలు తీసేసి, తీగల మీద తేలించారు.

మీ నలభై మంది పిల్లలకు దగ్గరగా ఉన్న ఉదాహరణ మాత్రం బ్రాడ్‌వేకి రానే రాని ఒక నాటకం. ‘ద హంచ్‌బ్యాక్ ఆఫ్ నోటర్‌డామ్’ను మొదట 1999లో బెర్లిన్‌లో భారీ యంత్రాలతో జర్మన్ భాషలో వేశారు. 2014లో అమెరికాలో దాన్ని తిరగరాసినప్పుడు మాట్లాడే రాతి బొమ్మల హాస్యాన్ని తీసేసి, వేదిక వెనకాల ఒక పెద్ద బృందగాయకుల వరుసను నిలబెట్టారు. నాటకం మొదట్లో, చర్చిలో గంటలు కొట్టే గూనివాడు క్వాసీమోడో పాత్రధారి మామూలు యువకుడిగా నడిచి వస్తాడు. అందరూ చూస్తుండగానే వీపుకు గూని కట్టుకుని, ముఖానికి నల్లరంగు పులుముకుని, శరీరాన్ని వంచి ఆ పాత్ర అవుతాడు. అందులో ఖర్చు ఎంత? ఈ ఒక్క విషయంలో తెరదారం గారి సూత్రానికి నేను తల వంచుతాను.

చివరగా హక్కుల సంగతి. ఈ నాటకాలలో చాలావాటికి బడుల కోసం గంట నిడివిగల ‘జూనియర్’ ప్రతులు, మరీ చిన్నపిల్లల కోసం అరగంట ‘కిడ్స్’ ప్రతులు ఉన్నాయి. వాటిని మ్యూజిక్ థియేటర్ ఇంటర్నేషనల్ అనే సంస్థ రుసుము తీసుకుని ఇస్తుంది. రాతపూర్వకమైన అనుమతి లేకుండా మాటలు మార్చడానికి గాని, తెలుగులోకి అనువదించడానికి గాని వీలుండదు. తెలుగులోనే వేయాలన్నది మీ పట్టుదల అయితే ఆ సినిమా జోలికి పోకుండా, పంచతంత్రంలో పిల్లలకు తెలిసిన కథ ఒకటి తీసుకుని పాటలు కొత్తగా రాయించుకోవడం మేలు. రిహార్సల్ మొదటి రోజున పాటల జోలికి కూడా పోకండి. ఎనిమిది మంది పిల్లల చేతికి నాలుగు పాత చీరలిచ్చి నదిని చూపించమనండి, ఎవరిని ఏ పాత్రకు తీసుకోవాలో కూడా ఆ పూటే తేలుతుంది.