ఏఎన్-32 పోతే దాని చోటులోకి ఏది రావాలి: పెద్దదా, అంత సైజుదేనా?

వైట్‌ఫీల్డ్ తెలుగోడు (చర్చ మొదలుపెట్టినవారు)

నిన్న మన బెంగళూరు యెలహంకలో స్నేహితుడి ఇంటికి వెళ్తే నెత్తి మీదుగా ఒక మిలిటరీ విమానం పోయింది. రెండు ప్రొపెల్లర్లు, కొనదేలిన ముక్కు, బూడిద రంగు. "అదే ఏఎన్-32" అన్నాడు వాడు. ఇంటికొచ్చి చదివితే మతి పోయింది. 1984 నుంచి సోవియట్ యూనియన్ దగ్గర కొన్నవట. నేను పుట్టకముందు వచ్చిన విమానాలు ఇప్పటికీ జవాన్లను మోస్తున్నాయి. అదీ ఒకటో రెండో కాదు, దాదాపు వంద.

నా వాదన సూటిగా చెప్తా. 2022 డిసెంబరులో వైమానిక దళం 18 నుంచి 30 టన్నులు మోసే రవాణా విమానాల వివరాలు ఇమ్మని కంపెనీలను అడిగింది. బరిలో ఉన్నవి బ్రెజిల్ సీ-390, అమెరికా సీ-130జే, ఎయిర్‌బస్ ఏ400ఎం. సీ-390 జెట్టు, 26 టన్నులు మోస్తుంది. మన ఏఎన్-32 మోసేది 6.7 టన్నులు. అంటే నాలుగు పాతవాటి పని ఒక్క కొత్తది చేసేస్తుంది. ఇక ఇందులో ఆలోచించడానికి ఏముంది? మీరేమంటారు?

లెక్కల మాస్టారు

భాగహారం బాగానే చేశావు తమ్ముడూ. ఆరు ఆటోల జనాన్ని ఒక బీఎంటీసీ బస్సు మోస్తుంది. మెజెస్టిక్ నుంచి మీ వైట్‌ఫీల్డ్‌కి అయితే బస్సే మేలు. అదే బస్సును చిక్‌పేట సందులోకి తోలి చూడు.

పాత విమానపురం

నేను హెచ్‌ఏఎల్ (విమానాలు తయారుచేసే ప్రభుత్వ కంపెనీ) గేటు లోపల ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి. కాబట్టి నా మాటలో పక్షపాతం ఉంటుంది, ముందే ఒప్పుకుంటున్నా.

మీరంతా ఏది కొనాలి అని అడుగుతున్నారు. ఎందుకు కొనాల్సి వస్తోంది అని ఎవరూ అడగరేం? 1961 నవంబరులో మన కాన్పూరు హెచ్‌ఏఎల్‌లో తయారైన ఆవ్రో రవాణా విమానం గాల్లోకి లేచింది. డిజైన్ బ్రిటిష్ వాళ్లదే, కానీ చేతులు మనవి. అక్కడ 89 ఆవ్రోలు తయారయ్యాయి. ఆ ఆవ్రోల స్థానంలో కొత్తవి కావాలని 2013లో టెండర్ పిలిచినప్పుడు మాత్రం, 16 విదేశంలో, 40 ఇక్కడ ప్రైవేటు కంపెనీ చెయ్యాలి, హెచ్‌ఏఎల్ రాకూడదు అన్నారు. చివరికి వచ్చిన బిడ్ ఒక్కటే, ఎయిర్‌బస్-టాటా జోడీది. దాన్నే ఒప్పుకున్నారు.

మధ్యతరహా విమానం కథ ఇంకా బాధ. 2007లో రష్యాతో ఒప్పందం, 2010లో ఉమ్మడి కంపెనీ. 20 టన్నుల విమానం, మొత్తం 205, అందులో 45 మన దళానికి. ఇంజన్ దగ్గర పేచీ వచ్చింది. పూర్తిగా డిజిటల్ నియంత్రణ ఉన్న కొత్త ఇంజన్ కావాలని మనవాళ్లు, ఉన్న పీఎస్-90తోనే సర్దుకోమని వాళ్లు. 2016 కల్లా అటకెక్కింది. అది ముందుకు సాగి ఉంటే ఇవాళ ఈ చర్చే లేదు.

వైట్‌ఫీల్డ్ తెలుగోడు

సార్, గౌరవంతోనే అడుగుతున్నా. సాగి ఉంటే, అయి ఉంటే అంటూ విమానాలు ఎగరవు కదా. ఇదే ఊళ్లో ఎన్‌ఏఎల్ (ప్రభుత్వ విమాన పరిశోధన సంస్థ) వాళ్ల సరస్ 14 సీట్ల బుజ్జి విమానం. 2004లో మొదటిసారి ఎగిరింది, ఇప్పటికీ దళం చేతికి రాలేదు. ఇంక 20 టన్నులది మనం డిజైన్ చేసేదెప్పుడు?

పాత విమానపురం

సరస్ గురించి తేలిగ్గా మాట్లాడకు నాయనా. 2009 మార్చి 6న బిడది దగ్గర అది కూలి వైమానిక దళం వాళ్లు ముగ్గురు పోయారు. పరీక్ష కోసం గాల్లో ఆపిన ఇంజన్‌ను మళ్లీ వెలిగించే క్రమంలో జరిగింది. ఆ వారం మా షాపులో ఎవరూ గట్టిగా మాట్లాడుకోలేదు. ఆలస్యం అయింది, కాదనను. ఎగతాళి మాత్రం చెయ్యొద్దు.

వైట్‌ఫీల్డ్ తెలుగోడు

క్షమించండి సార్. ఆ ప్రమాదం సంగతి తెలియక అన్నాను.

యెలహంక తాత

మాది శ్రీకాకుళం జిల్లా. ఏఎన్-32లో ఫ్లైట్ ఇంజనీరుగా చేసి యెలహంకలో ఇల్లు కట్టుకున్నాను. రెండ్రోజులుగా మీ కబుర్లు చదువుతున్నాను. ఇక ఉండబట్టక రాస్తున్నా, పొడుగైతే ఏమనుకోకండి.

మీరు బరువు మాట్లాడుతున్నారు. అస్సాంలోని జోర్హాట్ స్థావరంలో మేం మాట్లాడుకునేది మబ్బు గురించి. తెల్లారుజామున నాలుగింటికి లేచి అందరం ముందు ఆకాశం కేసి చూసేవాళ్లం. అరుణాచల్ లోయల్లో పొద్దున కాసేపే దారి తెరుచుకుంటుంది. ఎండెక్కేసరికి కొండల నడుమ మబ్బు పొయ్యి మీద పాలలా పొంగుతుంది, ఇక ఆ రోజుకి అంతే. ఆ కాసేపట్లో ఎన్ని విమానాలు లేస్తే అన్ని ఊళ్లకు బియ్యం, కిరోసిన్, ఉత్తరాలు, సెలవుకెళ్లే జవాన్లు. ఒక విమానం మెచుకా, ఒకటి వాలాంగ్, ఒకటి టూటింగ్, ఒకటి విజయనగర్. ఒక్కో చోటికి ఒక్కో లోయ, ఒక్కో మబ్బు. మన తమ్ముడు చెప్పినట్టు నాలుగింటి బరువు ఒకదాంట్లో ఎక్కించారనుకోండి. అది నాలుగు లోయల్లోకీ ఒకేసారి వెళ్లలేదు కదా. మొదటిదాంట్లో దించి వచ్చేసరికి మిగతా మూడూ మూసుకుంటాయి.

అదీగాక చిన్న పోస్టుకి 26 టన్నులు ఏం చేసుకుంటారు? దించడానికి మనుషులుండాలి, దాచడానికి గోదాము ఉండాలి. మేం తెచ్చిన కూరగాయల బస్తాలు దించడానికే అక్కడున్న పదిమంది ఉరుకులు పరుగులు పెట్టేవారు. కిరోసిన్ డబ్బాలు ఎక్కించిన రోజైతే ఇంటికెళ్లి రెండు స్నానాలు చేసినా వాసన పోయేది కాదు. మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

నా మాట: సైజు పెంచితే పెంచండి, సంఖ్య మాత్రం తగ్గించకండి.

వైట్‌ఫీల్డ్ తెలుగోడు

తాతగారూ, మీ అనుభవానికి దండం. కానీ ఒక్కటి అడుగుతా. మెచుకాలో 2016 నవంబరులో సీ-17 దిగింది. అంత పెద్ద విమానం, 4,200 అడుగుల రన్‌వే మీద. పెద్దది చిన్న చోటికి వెళ్లలేదన్న మాట అక్కడే తేలిపోయింది కదా.

ఇంకోటి. 2020లో గల్వాన్ గొడవ తర్వాత లద్దాఖ్‌కు 68,000 మందికి పైగా సైనికులను, దాదాపు 90 ట్యాంకులను విమానాల్లో తరలించారని వార్తలొచ్చాయి. ట్యాంకులు సీ-17లు, ఐఎల్-76లు మోయాలి. ఉన్నవి 11 సీ-17లు, అవి తయారుచేసే ఫ్యాక్టరీ 2015లోనే మూసేశారు, ఇంకోటి కావాలన్నా దొరకదు. ఐఎల్-76లు కూడా 1985 నాటివే. ఇప్పుడు డీఆర్‌డీఓ, ఎల్ అండ్ టీ కలిసి చేసిన జొరావర్ తేలిక ట్యాంకు 25 టన్నులు. కాగితం మీద సీ-390 దాన్ని మోయగలదు, ఏఎన్-32 పదొచ్చినా మోయలేవు. రేపు యుద్ధమొస్తే కూరగాయల బస్తాలా ముఖ్యం?

యెలహంక తాత

దిగడం వేరు, రోజూ దిగడం వేరు బాబూ. ఆ రోజు సీ-17 దిగిందంటే వాతావరణం చూసి, బరువు చూసి, మంచి సిబ్బందిని ఏరి దింపారు. మన మేనల్లుడి పెళ్లికి ఊరి చెరువు గట్టు మీంచి ఓల్వో బస్సు వచ్చిందనుకో, రేపట్నుంచి ఆ గట్టు మీద సర్వీసు నడుపుతారా?

ట్యాంకు మాట మాత్రం ఒప్పుకుంటాను. అక్కడ నా దగ్గర జవాబు లేదు. కానీ అది ఏఎన్-32 చేసే పని కాదు. నువ్వు చెప్తున్నది ఐఎల్-76కి వారసుడు కావాలని. రెండు ఖాళీలకు ఒకే అభ్యర్థిని పెడుతున్నారు. నా గొడవంతా అదే.

కూరగాయల బస్తాలా ముఖ్యం అన్నావు. ఆరు నెలలు రోడ్డు లేని చోట ఉన్న జవానుని అడుగు.

లెక్కల మాస్టారు

తారీఖులు ఒకసారి పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఏఎన్-32లకు 2009లో ఉక్రెయిన్‌తో 40 కోట్ల డాలర్ల ఆధునీకరణ ఒప్పందం. కొన్ని అక్కడ, మిగతావి కాన్పూరు డిపోలో. ఆయుష్షు 25 ఏళ్ల నుంచి 40 ఏళ్లకు పెరుగుతుందని చెప్పారు. 1984కు 40 కలిపితే 2024. చివరి బ్యాచ్ 1991లో వచ్చింది, దానికి 2031. పైగా 2022 నుంచి ఆ ఉక్రెయిన్‌లో యుద్ధం.

ఇటు ఆవ్రో కథ చూడండి. కొత్తవి కావాలని 2012లో అనుమతి, 2021 సెప్టెంబరులో దాదాపు ₹22,000 కోట్లకు సంతకం, 2023 సెప్టెంబరులో మొదటి సీ-295 (ఆ ఎయిర్‌బస్-టాటా విమానమే) చేతికి. పదకొండేళ్లు. ఇదే నడకలో 2022లో వివరాలు అడిగినదానికి మొదటి విమానం 2033లో వస్తుంది. పెద్దదా చిన్నదా అని మీరు తేల్చేలోపు పాతదాని గడువే అయిపోతోంది.

ఎన్‌ఏడీ జంక్షన్

నేను విశాఖ పిల్లని, ప్రస్తుతం మారతహళ్లిలో ఉద్యోగం. విమానాల గురించి నాకేం తెలియదు. కానీ ఏఎన్-32 అన్న పేరు మా ఊళ్లో చాలామందికి తెలుసు. 2016 జులై 22న తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్తూ బంగాళాఖాతం మీద మాయమైన దాంట్లో 29 మంది. వాళ్లలో ఎనిమిది మంది మా నేవల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. మా జంక్షన్‌కి ఆ పేరు వచ్చింది ఆ డిపో వల్లే. ఏడున్నరేళ్లకు, 2024 జనవరిలో, చెన్నైలోని సముద్ర సాంకేతిక సంస్థ వాళ్ల యంత్రం 3,400 మీటర్ల లోతున శకలాలను ఫొటో తీసింది. అప్పటిదాకా ఆ ఇళ్లలో దినం ఎప్పుడు పెట్టాలో తెలియని పరిస్థితి. మీరు టన్నులు, లోయలు అంటున్నారు. ఆ విమానం సముద్రం మీద సాదాగా మనుషుల్ని తీసుకెళ్తోంది. దానికైనా కొత్తది వెంటనే పెట్టలేరా?

పాత విమానపురం

అమ్మా, నువ్వు అడిగిందే అసలు ప్రశ్న. ఈ పనికి విమానం ఇప్పటికే ఉంది. 56 సీ-295లలో స్పెయిన్ నుంచి రావాల్సిన 16 వచ్చేశాయి. మిగతా 40 వడోదరలో, వాటి భాగాలు చాలావరకు మన హైదరాబాదులో. 71 మంది జవాన్లు కూర్చోవచ్చు, వెనక ర్యాంప్ ఉంది. ఆ లైను ఆగకుండా ఇంకో యాభై ఆర్డర్ ఇస్తే సరిపోతుంది. చూశారా, టాటా వాళ్ల విమానాన్ని నేనే పొగడాల్సి వచ్చింది.

వైట్‌ఫీల్డ్ తెలుగోడు

అయితే లేహ్‌కు కూడా సీ-295లే పంపుదామా తాతగారూ?

యెలహంక తాత

అక్కడే చిక్కు. ఏఎన్-32 అంత ఎత్తున ఎందుకు నిలబడిందంటే దాని ఇంజన్ ఒక్కోటి 5,000 హార్స్‌పవర్ పైమాట. ఆ సైజు విమానానికి అది అతి. కావాలనే అంత పెట్టారు, కొండల్లో పలచటి గాలిలో లేవాలని. సీ-295 ఇంజన్ 2,645. మైదానంలో, సముద్రం మీద, ఈశాన్యంలో తక్కువ ఎత్తు చోట్ల హాయిగా తిరుగుతుంది. లేహ్‌లో నిండు బరువుతో లేవమంటే నేను ఆ సీట్లో కూర్చోవడానికి కాస్త ఆలోచిస్తాను.

కాబట్టి నా లెక్క ఇది. తాంబరం-పోర్ట్ బ్లెయిర్ లాంటి రూట్లు, మైదాన ప్రాంతాలు సీ-295కి ఇవ్వండి, ఆ అమ్మాయి అన్నట్టు ముందు సముద్రం మీదవి. లద్దాఖ్‌కి ఆ సీ-390 జెట్టో, సీ-130నో తెచ్చుకోండి. లోయల్లో మాత్రం ఉన్న ఏఎన్-32లలో గట్టివి ఏరి చివరిదాకా వాడండి, ఈలోపు అక్కడికి ఏది పనికొస్తుందో లోయలోనే పరీక్షించి చూడండి, బ్రోషర్ చూసి కాదు.

లెక్కల మాస్టారు

మూడు రకాల విమానాలంటే మూడు రకాల స్పేర్లు, మూడు రకాల ట్రైనింగులు. ఖర్చు?

యెలహంక తాత

అవుతుంది మాస్టారూ. కాదని నేననలేదే.

వైట్‌ఫీల్డ్ తెలుగోడు

సరే, సగం ఒప్పుకుంటున్నా. ట్యాంకు మోసేది కావాలన్నదాంట్లో నేను తగ్గను. ఏఎన్-32 బదులుగా అదే రావాలన్న మాట మాత్రం వెనక్కి తీసుకుంటున్నా. వచ్చే ఆదివారం యెలహంక వస్తున్నా తాతగారూ. మళ్లీ ఆ ఏఎన్-32 కనిపిస్తే మీరే చూపించాలి.

యెలహంక తాత

రా బాబూ, టిఫిన్ మా ఇంట్లోనే. కాకపోతే నువ్వు మొన్న చూసింది ఏఎన్-32 కాదు. కొనదేలిన ముక్కు అన్నావు, అది డోర్నియర్. పాత విమానపురం గారి కంపెనీ కాన్పూరులో తయారుచేసినదే. ఈసారి ముక్కు కాదు, ఇంజన్లు చూడు. రెక్క మీదకెక్కి కూర్చుని ఉంటే అది మాది.