గండికోట దగ్గర పెన్న కొండను ఎందుకు కోసింది?

నమస్కారం. కడప జిల్లా జమ్మలమడుగు సమీపంలోని గండికోట వద్ద పెన్నానది ఎర్రమల కొండలను చుట్టిపోకుండా, వాటిని నిలువునా కోసుకుంటూ పారుతోంది. అక్కడి రాయి వంద కోట్ల ఏళ్లకు పైబడిన క్వార్ట్‌జైట్. ఇసుకరాయి గట్టిపడి ఏర్పడిన ఈ రాయి నీటి కోతకు అంత తేలికగా లొంగదు.

కొండలు లేవకముందే నది ఆ దారిన పారుతూ, నేల లేచే కొద్దీ తన మార్గాన్ని లోతు చేసుకుంటూ వచ్చిందా, లేక ఒకప్పుడు పైన పరుచుకొని ఉన్న మెత్తని పొరల మీద పారి, అవి కొట్టుకుపోయాక కింది గట్టి రాతిలోకి దిగిందా?

కోట అంచు నుంచి చూస్తే గోడల్లో అడ్డంగా పొరలు, వాటిని నిలువుగా చీల్చిన పగుళ్లు స్పష్టంగా కనిపిస్తాయి. ఆ పగుళ్ల వెంబడే బండలు నలుచదరంగా విడిపోయి దొర్లిపడ్డాయి. గోడలు నిటారుగా నిలవడానికి ఇదే కారణమని నా అభిప్రాయం. అయితే నది దిశను కూడా ఈ పగుళ్లే నిర్ణయించాయా?

మా బడి పిల్లలను త్వరలో అక్కడికి తీసుకువెళుతున్నాను. ఊహను నిజంగా వారికి బోధించడం నాకు ఇష్టం లేదు. పై రెండు వివరణల్లో ఏది సరైనదో తేల్చడానికి అక్కడ ఏ ఆనవాళ్లను వెతకాలో, కొండల మీద నది పాత ఒండ్రు ఎక్కడైనా మిగిలి ఉందో, ఆ ప్రాంతాన్ని పరిశీలించిన భూవిజ్ఞానులు దయచేసి తెలియజేయగలరు.