నేల ఉసిరి సారం డీపీపీహెచ్ పరీక్షలో బాగా పనిచేసింది. దాన్ని కాలేయ రక్షకమని రాయవచ్చా?

ప్రశ్న: ఎం.ఫార్మసీ విద్యార్థిని

అందరికీ నమస్కారం. నేను ఫార్మకాలజీలో ఎం.ఫార్మసీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా అమ్మమ్మ గారి ఊళ్లో ఎవరికైనా కామెర్లు వస్తే నేల ఉసిరి మొక్కను వేళ్లతో సహా పీకి, శుభ్రంగా కడిగి, రోట్లో మెత్తగా నూరి, ఆ ముద్దను మజ్జిగలో కలిపి పరగడుపున తాగిస్తారు. నా చిన్నప్పుడు నాకూ తాగించారు. ఆ చేదు ఇప్పటికీ గుర్తుంది. ప్రాజెక్టుకు ఏదైనా మొక్కను ఎంచుకోమన్నప్పుడు నాకు మరో మొక్క తోచలేదు.

పొలం గట్ల మీద సేకరించిన మొక్కలను నీడన ఆరబెట్టి, పొడి చేసి, సాక్స్‌లెట్‌లో మిథనాల్‌తో సారం తీశాను. రోటరీ ఎవాపరేటర్‌లో మిథనాల్ అంతా పోయాక ముదురు ఆకుపచ్చ రంగులో జిగురు ముద్ద మిగిలింది. దానితో యాంటీఆక్సిడెంట్ శక్తిని చూసే డీపీపీహెచ్ అనే రంగు పరీక్ష చేశాను. నేరేడు పండు రంగులో ఉండే ఆ ద్రావణం అరగంట చీకట్లో ఉంచేసరికి లేత పసుపు రంగుకు తిరిగింది. 517 నానోమీటర్ల దగ్గర కొలిచి ఐసీ50 (ఆ రంగు పదార్థాన్ని సగానికి తగ్గించే గాఢత) లెక్కవేస్తే నా సారం ఆస్కార్బిక్ ఆమ్లం కంటే కొద్దిగానే వెనకబడింది. ఫోలిన్ పరీక్షలో మొత్తం ఫినాల్స్ (మొక్కల్లోని ఒక రకం యాంటీఆక్సిడెంట్ పదార్థాలు) కూడా బాగానే వచ్చాయి.

ఈ ఫలితాలు చూసినవారు ప్రాజెక్టు శీర్షికలో ‘కాలేయ రక్షక గుణం’ అని చేర్చమంటున్నారు. ఎలుకల మీద ప్రయోగం చేయడానికి నాకు నాలుగు నెలల సమయమే ఉంది. రంగు మారడాన్ని ఆధారంగా చూపి కాలేయాన్ని కాపాడుతుందని రాయవచ్చా? రాయకూడదంటే ఆ మాట రాసే అర్హత రావడానికి ఏ ప్రయోగం ఎలా చేయాలి? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పండి.

జవాబు 1: ఫార్మకాలజీ అధ్యాపకుడు

అమ్మా, రాయకూడదు. డీపీపీహెచ్ అనేది మన శరీరంలో ఎక్కడా ఉండని, సీసాలో స్థిరంగా నిలిచి ఉండే ఒక కృత్రిమ రాడికల్, అంటే జత లేని ఎలక్ట్రాన్ ఉన్న అణువు. 1958లో బ్లోయిస్ ఈ పద్ధతిని ప్రకటించినప్పటి నుంచి అది చవకగా, తేలికగా, ఒక్క పూటలో అయిపోయే పరీక్ష కావడం వల్ల ప్రతి ప్రయోగశాలలోనూ పాతుకుపోయింది. ఒక పదార్థం ఎలక్ట్రాన్‌నో హైడ్రోజన్‌నో ఇవ్వగలదా అన్నంత వరకే అది చెబుతుంది. టీ పొడి, దానిమ్మ తొక్క, కరక్కాయ అన్నీ ఆ పరీక్షలో బ్రహ్మాండంగా నెగ్గుతాయి. ఫోలిన్ పరీక్ష కూడా ఫినాల్స్‌కే పరిమితం కాదు. విటమిన్ సి, కొన్ని చక్కెరలు కూడా ఆ నీలిరంగును తెప్పిస్తాయి.

ముందుగా ఒక చిన్న విషయం సరిచూసుకోండి. మీ సారం ముదురు ఆకుపచ్చగా ఉందన్నారు. ఆ రంగు తనంతట తానే కొంత కాంతిని పీల్చుకుంటుంది కాబట్టి డీపీపీహెచ్ కలపకుండా, అదే మోతాదు సారాన్ని మిథనాల్‌లో మాత్రమే కలిపి ప్రతి గాఢతకూ విడిగా ఒక బ్లాంక్ పెట్టారా? పెట్టకపోతే మీ ఐసీ50 విలువ తప్పి ఉంటుంది.

ఇక అసలు విషయం. నేల ఉసిరిలో జెరానిన్, కోరిలాజిన్ వంటి టానిన్లు పుష్కలంగా ఉంటాయి. మీ గొట్టంలో రంగును విరిచింది చాలావరకు ఇవే. అయితే ఈ జాతి టానిన్లు పేగుల్లో విచ్ఛిన్నమై, అక్కడి సూక్ష్మజీవుల చేతిలో యూరోలిథిన్లు అనే వేరే పదార్థాలుగా మారతాయి. కాలేయానికి చేరేది ముఖ్యంగా అవే. మీరు గొట్టంలో పరీక్షించిన పదార్థమూ కాలేయ కణం చూసే పదార్థమూ ఒకటి కావన్న మాట. పైగా కాలేయ కణంలో దాని సొంత యాంటీఆక్సిడెంట్ అయిన గ్లూటాథియోన్ మిల్లీమోలార్ స్థాయిలో ఉంటే, మొక్కల ఫినాల్స్ రక్తంలో సాధారణంగా అందులో వెయ్యో వంతైన మైక్రోమోలార్ స్థాయిని దాటవు. ఇంత తక్కువ మొత్తం నేరుగా రాడికల్స్‌ను పట్టుకుని కణాన్ని కాపాడుతుందని అనడం లెక్కకు నిలవదు. అవి కాపాడితే, ఎన్‌ఆర్‌ఎఫ్2 వంటి ప్రొటీన్లను మేల్కొలిపి, కణం తన సొంత రక్షక ఎంజైములను ఎక్కువగా తయారు చేసుకునేలా చేయడం ద్వారా కాపాడాలి. దాన్ని డీపీపీహెచ్ చూపలేదు.

ఇంకో ఆసక్తికరమైన సంగతి ఉంది. ఈ మొక్కకు గుర్తింపు పదార్థంగా అందరూ కొలిచే ఫిల్లాంథిన్ అనే లిగ్నాన్ నిర్మాణంలో స్వేచ్ఛగా ఉన్న ఫినాలిక్ హైడ్రాక్సిల్ ఒక్కటీ లేదు. అయినా విడదీసిన ఎలుక కాలేయ కణాలను ఫిల్లాంథిన్, హైపోఫిల్లాంథిన్ కాలేయాన్ని దెబ్బతీసే కార్బన్ టెట్రాక్లోరైడ్ నుంచి కాపాడాయని 1985లోనే ఒక అధ్యయనం వచ్చింది. రంగు విరిచే గుణమూ కణాన్ని కాపాడే గుణమూ ఒకే మొక్కలో వేర్వేరు పదార్థాలకు ఉండవచ్చు. నాకు ఈ మొక్క మీద ఆసక్తి కలిగించింది ఈ సంగతే.

ఆహార పదార్థాల యాంటీఆక్సిడెంట్ శక్తిని అంకెల్లో చూపే తన ఓఆర్‌ఏసీ పట్టికను అమెరికా వ్యవసాయ శాఖ 2012లో ఉపసంహరించుకుంది. ఆ అంకెలకూ మనుషుల ఆరోగ్యం మీద ప్రభావానికీ సంబంధం చూపలేమన్నదే అందుకు చెప్పిన కారణం.

జవాబు 2: టాక్సికాలజీ ప్రయోగశాలలో పనిచేస్తున్నాను

పై జవాబుకు కొనసాగింపుగా ప్రయోగం గురించి రాస్తాను. మన కళాశాలల్లో ఎక్కువగా వాడేది కార్బన్ టెట్రాక్లోరైడ్ నమూనా, అంటే ఆ రసాయనంతో ఎలుక కాలేయాన్ని దెబ్బతీసి సారం కాపాడుతుందా అని చూడడం. ఇక్కడ చాలామంది మరిచిపోయే విషయం ఏమిటంటే కార్బన్ టెట్రాక్లోరైడ్ దానంతట అది అంత విషం కాదు. కాలేయంలోని సీవైపీ2ఈ1 అనే ఎంజైము దాన్ని ట్రైక్లోరోమిథైల్ రాడికల్‌గా మార్చినప్పుడే కణపొరల్లోని కొవ్వులు తగలబడడం మొదలవుతుంది. మీరు వారం రోజులు ముందుగా సారం తాగించి ఆ తర్వాత విషం ఇచ్చారనుకోండి, సారం ఆ ఎంజైమును అణచివేస్తే విషం తయారే కాదు. ఏఎల్‌టీ, ఏఎస్‌టీ (కాలేయ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైములు) తగ్గుతాయి, కాలేయం ముక్క చక్కగా కనిపిస్తుంది, మనం యాంటీఆక్సిడెంట్ రక్షణ అని రాసేస్తాం. నిజానికి అక్కడ జరిగింది రక్షణ కాదు, విషం పుట్టకుండా ఆపడం మాత్రమే. పారాసిటమాల్ నమూనాలోనూ ఇదే చిక్కు ఉంది. అక్కడ అదే ఎంజైము ఎన్‌ఏపీక్యూఐ అనే పదార్థాన్ని పుట్టిస్తుంది.

అందువల్ల కనీసం ఒక గుంపుకైనా విషం ఇచ్చిన తర్వాత సారం ఇవ్వండి. సారాన్ని కరిగించడానికి వాడిన ద్రవాన్ని మాత్రమే తాగించిన గుంపు తప్పనిసరి. డీఎంఎస్ఓ అనే ద్రావకం తనంతట తానే పారాసిటమాల్ నుంచి కాలేయాన్ని కాపాడుతుంది కాబట్టి దాని జోలికి వెళ్లకండి. నీటిలో కొద్దిగా కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ కలిపి సస్పెన్షన్ చేసుకోండి. పారాసిటమాల్ ఎంచుకుంటే పెద్ద ఎలుకలు దానికి అంతగా లొంగవు, చిట్టెలుకలు మేలు. విషం లేకుండా సారం మాత్రమే ఇచ్చిన గుంపు కూడా ఉండాలి. సారమే కాలేయానికి కీడు చేస్తోందా అన్నది అక్కడే తెలుస్తుంది. పోలికకు కాలేయ రక్షకంగా పేరున్న సిలిమారిన్ అనే మొక్క మందు పెట్టండి.

కాలేయం ముక్కల్లో కేంద్ర సిర చుట్టూ ఉన్న కణాలు చచ్చిపోయాయా లేదా చూసి మార్కులు వేసేవారికి ఏ స్లైడు ఏ గుంపుదో తెలియకూడదు. నా మొదటి ప్రయోగంలో స్లైడు పెట్టెల మీద గుంపు పేర్లు నేనే పెన్సిలుతో రాసి, నేనే మార్కులు వేశాను. రెండోసారి పేర్లు కప్పి వేరొకరితో వేయిస్తే నేను చూసిన తేడాలో సగం కూడా రాలేదు.

జంతు నైతిక కమిటీ అనుమతికే కొన్ని వారాలు పట్టవచ్చు. నాలుగు నెలల్లో ఇదంతా కష్టం. కణాల మీద చేద్దామంటే అక్కడా జాగ్రత్త అవసరం. ఫినాల్స్ ఎక్కువగా ఉన్న సారాలు కణాలను పెంచే ద్రవంలోనే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పుట్టిస్తాయి; కణాలు బతికున్నాయో లేదో చూపే ఎంటీటీ రంగును కణాలు లేకపోయినా మార్చగలవు. కణాలు లేని గుంటల్లో సారం, ఎంటీటీ మాత్రమే వేసి ఒకసారి చూసుకోండి.

జవాబు 3: వృక్షశాస్త్ర ఉపాధ్యాయురాలు

అందరూ రసాయనం గురించి మాట్లాడారు; నా అనుమానం అంతకంటే ముందు మెట్టు మీద ఉంది. మీరు సేకరించింది ఏ నేల ఉసిరి? రెమ్మ కింద వరుసగా చిన్న చిన్న గుండ్రటి కాయలు వేలాడే మొక్క ఏది కనిపించినా మనవాళ్లు నేల ఉసిరే అంటారు. ఫిల్లాంథస్ అమారస్, ఫ్రాటర్నస్, డెబిలిస్, యూరినేరియా, మదరాస్పటెన్సిస్ పొలం గట్ల మీద కలిసే మొలుస్తాయి. దక్షిణ భారత మార్కెట్లలో కొన్న నేల ఉసిరి సరుకులో ఒకటికి మించిన జాతులు ఉన్నట్టు పరిశోధకులు చూపించారు. పైన చెప్పిన ఫిల్లాంథిన్ మంచి మోతాదులో దొరికేది అమారస్‌లోనే.

భూతద్దం పట్టుకుని పువ్వును చూడండి. అమారస్‌కు ఐదు రక్షకదళాలు, ఫ్రాటర్నస్‌కు ఆరు. అమారస్‌లో ఒకే ఆకు మొదట్లో మగ పువ్వూ ఆడ పువ్వూ జంటగా ఉంటాయి. యూరినేరియా కాయ మీద చేత్తో తడిమితే తెలిసేంత గరుకు బొడిపెలుంటాయి. పొడి చేశాక ఇవేవీ చూడలేరు. మీ దగ్గర పొడి చేయని మొక్కలు ఒకటి రెండైనా మిగిలాయని ఆశిస్తున్నాను.

మరో మాట. మీ అమ్మమ్మ గారు పచ్చి మొక్కను మజ్జిగలో ఇచ్చారు, మీరు ఎండిన మొక్కను మిథనాల్‌లో గంటల తరబడి మరిగించారు. సంప్రదాయ వాడుకను పరీక్షిస్తున్నానని రాయాలంటే నీటి సారం ఒకటి పక్కన ఉండాలి.

జవాబు 4: జీర్ణకోశ వ్యాధుల వైద్యుడు

ఈ మొక్క చరిత్రలో ప్రతి విద్యార్థీ తెలుసుకోవలసిన ఘట్టం ఒకటి ఉంది. 1988లో మద్రాసు పరిశోధకులు హెపటైటిస్ బి వైరస్ ఉన్నవారికి ఫిల్లాంథస్ అమారస్ పొడిని 200 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు, 30 రోజులు ఇచ్చి చూశారు. మందు తీసుకున్న 37 మందిలో 22 మందికి వైరస్ ఉందని చూపే ఉపరితల యాంటిజెన్ రక్తంలోంచి పోయిందని, ఉత్తుత్తి మాత్ర తీసుకున్న 23 మందిలో ఒక్కరికే పోయిందని లాన్సెట్‌లో ప్రచురించారు. ప్రపంచమంతా ఆశగా చూసింది. తర్వాత థాయిలాండ్‌లో, నెదర్లాండ్స్‌లో చేసిన ప్రయత్నాల్లో ఆ ఫలితం రాలేదు. ఎందుకు రాలేదన్న చర్చలో మొక్క జాతి, సేకరించిన నేల, వైరస్ రకం అన్నీ చర్చకు వచ్చాయి. కాబట్టి పై ఉపాధ్యాయురాలి ప్రశ్న చిన్నది కాదు.

మీరు పోలికకు పెట్టబోయే సిలిమారిన్ కూడా ఎలుకల్లో మెరిసినట్టు మనుషుల్లో మెరవలేదు. 2012లో వచ్చిన పరీక్షలో హెపటైటిస్ సి ఉన్న 154 మందికి మామూలు కంటే ఎక్కువ మోతాదులో ఇచ్చినా ఏఎల్‌టీ తగ్గడంలో ఉత్తుత్తి మాత్రకూ దానికీ తేడా కనిపించలేదు.

కామెర్లకు పసరు తాగి తగ్గినవారు నా దగ్గరకు వచ్చి ఆ సంగతి నమ్మకంగా చెబుతారు. వారు అబద్ధం చెప్పడం లేదు. హెపటైటిస్ ఎ, ఇ వల్ల వచ్చే కామెర్లు చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. పోల్చి చూసే గుంపు ఇంట్లో ఉండదు. అయితే మత్తుగా ఉండడం, రక్తం గడ్డకట్టకపోవడం వంటి ప్రమాద సూచనలు కనిపించినా పసరు కోసం ఆగిపోయినవారిని చూశాను కాబట్టి ‘కాలేయ రక్షకం’ అన్న మాట శీర్షికలోకి ఎక్కడం నాకు భయం కలిగిస్తుంది. ఆ శీర్షికనే రేపు ఎవరో సీసా మీద అచ్చు వేస్తారు. 2021లో ముంబై వైద్యులు తిప్పతీగ వాడిన ఆరుగురిలో కాలేయ వాపును నివేదించినప్పుడు, వారు వాడింది అసలైన తిప్పతీగేనా, దాన్ని పోలిన మరో తీగా అని ఆయుష్ మంత్రిత్వ శాఖ ప్రశ్నించింది. అక్కడ కూడా మళ్లీ మొక్క గుర్తింపు దగ్గరికే వచ్చాం.

యాంటీఆక్సిడెంట్ మార్గం వట్టిదని నేను అనడం లేదు. పారాసిటమాల్ ఎక్కువ మోతాదులో మింగినవారికి మేము ఇచ్చే ఎన్-అసిటైల్‌సిస్టీన్ తరిగిపోయిన గ్లూటాథియోన్‌ను తిరిగి నింపి, సమయానికి ఇస్తే ప్రాణం నిలబెడుతుంది. అది ఏ విషానికి, ఏ గంటలో, ఏ మార్గంలో పనిచేస్తుందో తెలిసిన మందు కావడం వల్లే అంత ధైర్యంగా వాడగలుగుతున్నాం.

ప్రశ్న అడిగిన విద్యార్థిని

అందరికీ ధన్యవాదాలు. సారానికి విడిగా బ్లాంక్ పెట్టలేదు. ఈ ఉదయం పెట్టి చూస్తే ఎక్కువ గాఢతల దగ్గర రీడింగులు మారాయి, కాబట్టి ఐసీ50 మళ్లీ లెక్కవేస్తున్నాను. శీర్షికను ‘నేల ఉసిరి నీటి, మిథనాల్ సారాల డీపీపీహెచ్ రాడికల్ నిరోధక శక్తి, ఫిల్లాంథిన్ పరిమాణం’ అని మార్చి, జంతు ప్రయోగాన్ని ఈ ప్రాజెక్టులోంచి తీసేస్తానని గైడ్ గారికి చెప్పాను, ఒప్పుకున్నారు. పొడి చేయని మొక్కలు పాత వార్తాపత్రికలో మూడు మిగిలాయి. భూతద్దంతో చూస్తే రెండింటికి ఐదు రక్షకదళాలు, ఒకదానికి ఆరు ఉన్నాయి. అంటే నా పొడి అంతా కలగలుపే కదా, దాన్ని వదిలేయాలా?

వృక్షశాస్త్ర ఉపాధ్యాయురాలు

ఆ పొడిని పారేయకండి, సీసా మీద ‘మిశ్రమం’ అని రాసి పక్కన పెట్టండి. బజారు సరుకుతో పోల్చడానికి పనికొస్తుంది. కొత్తగా సేకరించేటప్పుడు ప్రతి మొక్క పువ్వునూ గట్టు మీదే చూసి, ఐదు దళాలవి ఒక సంచిలో, ఆరు దళాలవి ఇంకో సంచిలో వేయండి. ఒక్కో సంచి నుంచి వేరు, పువ్వు, కాయ అన్నీ ఉన్న రెండేసి మొక్కలను నొక్కి ఆరబెట్టి, తేదీ, ఊరు, సేకరించిన చోటు రాసి మీ విశ్వవిద్యాలయం హెర్బేరియంలో (ఆరబెట్టిన మొక్కలను భద్రపరిచే చోట) ఇచ్చి సంఖ్య తీసుకోండి. వానలు వెనకబట్టాక పూత తగ్గిపోతుంది, ఈ వారంలోనే వెళ్లండి.